టాంగా నుండి గోదావరిఖనికి: పదకొండేళ్ల కొలువు ముగించి వచ్చిన ముచ్చట

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకిచ్చిన అంశం ‘ఆఫ్రికాలో నా అనుభవాలు’. ఆ పేరు చదవగానే పిల్లలంతా సింహాల సంగతి చెప్తాడని ముందుకు జరిగి కూర్చున్నారు. ముందే మనవి చేస్తున్నాను. పదకొండేళ్లలో నేను సింహాన్ని చూసింది ఒక్కసారే. మికుమి అనే పార్కులో, వ్యాను కిటికీలోంచి. అది పడుకొని ఉంది. మేమున్నంత సేపూ తోక కూడా కదపలేదు. కాబట్టి ఆ ముచ్చట ఇక్కడితో అయిపోయింది.

రెండో మనవి. ఈ మాటలు ఉర్దూలో చెప్తేనే నా నోటికి సుఖం. కాని సావనీరు కొరకు రాసి ఇమ్మన్నప్పుడు కార్యదర్శి గారు, “మాస్టర్ సాబ్, తెలుగులో ఇవ్వండి. ఉర్దూలో అచ్చు వేస్తే మన ఇండ్లల్ల చదివే పిల్లలు ఎంతమంది?” అన్నారు. నేను లెక్కల పంతులును గనుక ఇంటికి పోయి లెక్క తీశాను. మా గల్లీలో మనవాళ్ల ఇండ్లు ఇరవై రెండు. ఉర్దూ పేజీ ఆగకుండా చదవగల పదిహేనేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మంది. ఆ తొమ్మిదిలో మా ఇంటి పిల్లలు లేరు. సరే, తెలుగులోనే రాస్తానన్నాను. తప్పులుంటే మన్నించండి.

నేను పుట్టింది ఇక్కడే, గోదావరిఖనిలో. మా అబ్బా కోల్ ఫిల్లరు. తట్టా చెమ్మస్ పట్టి టబ్బులు నింపిన మనిషి. ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయిననాడు ఇంట్లో కొడుకులం ఇద్దరం, బాయి కొలువు ఒకటి. “నువ్వు చదువుకున్నవ్, తమ్ముడు చదవలే. కొలువు వానికిద్దాం” అన్నారు అబ్బా. అది న్యాయమే. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే ఆనాటి నుంచి నేను చదువుతోనే బతకాలన్నది ఖాయమైపోయింది. బి.ఎడ్. చేసి ఒక ప్రైవేటు ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పాను. 2008లో నా జీతం మూడు వేల రెండు వందలు. చెల్లెలి పెండ్లి చేయాలి. అమ్మాయి పుట్టి ఏడాదిన్నర. అప్పుడు ఒక ఏజెంటు దొరికాడు. ఇల్లు, భోజనం, విమానం టికెట్టు అన్నీ వాళ్లే ఇస్తారన్నాడు. ఇచ్చింది ఇల్లు ఒక్కటే. దాని తలుపుకు గడియ లేదు.

2009 జనవరిలో టాంజానియా దేశంలో దిగాను. దారెస్సలాం నుంచి ఉత్తరంగా ఐదారు గంటలు బస్సులో పోతే టాంగా అనే ఊరు. హిందూ మహాసముద్రం ఒడ్డున రేవు పట్టణం. కొబ్బరి చెట్లు, పాత మసీదులు, జర్మను దొరల కాలం నాటి రైలు స్టేషను. జనంలో ముస్లిములు చాలామంది. అజాన్ వినబడుతుంది గనుక మొదటి రాత్రి నిద్రపట్టింది.

ఆ ఊరిని చూస్తే నాకు మన ఖనియే జ్ఞాపకం వచ్చేది. కారణం చెప్తాను. మనకు బొగ్గు ఎట్లాగో వాళ్లకు సిసాల్ అట్లా. అది కలబంద జాతి మొక్కలా కత్తుల్లాంటి ఆకులతో ఉంటుంది. ఆకును నలిపి నార తీస్తారు. తాళ్లు, గోనెలు చేస్తారు. 1893లో ఒక జర్మను శాస్త్రజ్ఞుడు అమెరికాలోని ఫ్లోరిడా నుంచి మొక్కలు తెప్పిస్తే, దారిలో చచ్చినవి చావగా బతికినవి 62. ఆ 62 మొక్కల నుంచి దేశమంతా తోటలు లేచాయి. 1960 దశకం మొదట్లో ఏటా రెండు లక్షల టన్నులకు పైగా నార తీసి, ప్రపంచంలోనే ముందు నిలిచారు. అంతలో నైలాను తాడు వచ్చింది. ధర పడిపోయింది. తోటలు ప్రభుత్వం చేతికి వచ్చాయి గాని నారకు గిరాకీ తిరిగి రాలేదు. నేను పోయేసరికి వరుసలు వరుసలుగా కూలీల క్వార్టర్లు, పైకప్పులు కూలి ఉన్నాయి. మన దగ్గర 1990 ప్రాంతంలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు నలభై వేల ప్రాంతం. బొగ్గు తగ్గలేదు, మనుషులే తగ్గారు. ఒకే కొలువు మీద ఆధారపడ్డ ఊళ్లో ఆ కొలువు సన్నబడితే మనిషి పిల్లల్ని ఎత్తుకొని బడి వైపే పరుగెత్తుతాడు. టాంగాలోనూ అంతే. సిసాల్ తోటలో ఆకు కోసినవాని మనుమడు నా క్లాసులో కూర్చునేవాడు.

ఇంకొక ముచ్చట కూడా చెప్పి ముందుకు పోతాను. 1914 నవంబరులో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇంగ్లీషు దొరలు ఎనిమిది వేల దాకా సైన్యాన్ని టాంగా ఒడ్డున దింపారు. అందులో ఎక్కువ మంది హిందుస్తానీ సిపాయిలే. అందులో ఉన్న 98వ పటాలం పాత హైదరాబాద్ కంటింజెంటు నుంచి వచ్చినదే. ఎదుట జర్మన్ల వైపు ఉన్నది వెయ్యి మంది. అయినా మనవాళ్లు ఓడిపోయి తిరిగి ఓడలెక్కారు. తుపాకులకు తోడు తేనెటీగలు లేచి వెంటబడ్డాయట. చచ్చిన సిపాయిల స్మారకం అక్కడ ఉంది. ఎవరో చెప్తే ఒక శుక్రవారం నమాజు తర్వాత పోయి చూశాను. నాకంటే తొంభై ఐదేళ్ల ముందు మా దక్కన్ పటాలం మనిషి పొట్ట కొరకు ఇక్కడికి వచ్చాడు, తిరిగి పోలేదు అనుకుంటూ ఫాతిహా చదివి వచ్చాను.

మొదటి నెల జీతం చేతికి వచ్చింది. ఆరున్నర లక్షలు! నవ్వకండి, నిజమే. ఆరున్నర లక్షల షిల్లింగులు. ఐదు వందల డాలర్లకు అంతే వస్తాయి. మన డబ్బులో ఇరవై నాలుగు వేలు. ఇంటికి ఫోను చేసి “ఆరున్నర లక్షలు” అన్నాను. మా అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “బేటా, తప్పు పని ఏం చేస్తలేవు గదా” అంది.

ఇక భాష. వాళ్లది స్వాహిలీ. వ్యాకరణం ఆఫ్రికాది. కాని అరబ్బు వర్తకుల సహవాసం వలన మాటలు కొల్లలుగా అరబ్బీ నుంచి చేరాయి. మనకూ అవే అరబ్బీ మాటలు ఉర్దూలోకి వచ్చాయి. దునియా అంటే వాళ్లకూ దునియాయే. ఖబర్ వాళ్లకు హబారి, వక్త్ వకాతి, సవాల్ స్వాలి, జవాబ్ జిబు, దుకాన్ దుకా. గురువును మ్వాలిము అంటారు, మన ముఅల్లిమ్. కితాబ్ వాళ్ల దగ్గర కితాబు. అయితే పుస్తకాలు ఎక్కువైతే వితాబు! వాళ్ల భాషలో ‘కి’తో మొదలైన మాట బహువచనంలో ‘వి’ అవుతుంది, పాపం మన కితాబ్‌కు కూడా ఆ చొక్కా తొడిగారు. చిన్నవాళ్లు పెద్దవాళ్లను చూస్తే ‘షికమో’ అంటారు. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అర్థమట. దానికి పెద్దలు ఇచ్చే జవాబు ‘మరహబా’. మొదటి రోజు నలభై మంది పిల్లలు లేచి ఒక్క గొంతుతో షికమో అంటే నేను నిలబడి చూస్తున్నాను. పక్క మాస్టారు చెవిలో చెప్పాడు మరహబా అనమని. మా తాత నోట విన్న మాట!

వాళ్ల గడియారం కూడా వేరు. పొద్దు పొడిచిన దగ్గర నుంచి గంటలు లెక్కిస్తారు. మనకు పొద్దున ఏడు అయితే వాళ్లకు గంట ఒకటి. అది తెలియక మొదటి వారం ఒకరి ఇంటికి మధ్యాహ్న భోజనానికి పిలిస్తే పొద్దున్నే పోయి కూర్చున్నాను.

ఇంత దగ్గరి భాష ఉండి కూడా దాన్ని క్లాసులో మాట్లాడవద్దన్నది మా బడి నియమం. అసలు సంగతి ఇక్కడే ఉంది. నేనున్న రోజుల్లో ఆ దేశంలో ప్రైమరీ బడి ఏడేళ్లు. సర్కారు బడుల్లో అది దాదాపు అంతా స్వాహిలీలోనే. 1967 నుంచి అంతే. వాళ్ల మొదటి రాష్ట్రపతి జూలియస్ నైరేరే స్వయంగా బడిపంతులు. దేశమంతా ఆయన్ని మ్వాలిము అనే పిలిచింది. రాజ్యం ఏలుతూ కూడా తీరిక చేసుకొని షేక్స్‌పియరు నాటకాలు రెండింటిని స్వాహిలీలోకి తెచ్చిన మనిషి. అంతటివాడు కూడా హైస్కూలును ఇంగ్లీషులోనే ఉంచాడు. తత్ఫలితంగా ఏడో తరగతి దాకా చిలకల్లాగా మాట్లాడిన పిల్లలు, ఎనిమిదో ఏడు, అంటే ఫారం వన్, మొదటి రోజున మూగవాళ్లయిపోతారు. సైన్సు, లెక్కలు, భూగోళం, చరిత్ర అన్నీ ఒక్క రాత్రిలో ఇంగ్లీషు అయిపోతాయి. పంతులు “అర్థమైందా” అంటే “ఎస్ సర్” అని అందరూ అంటారు. నోటుబుక్కులు చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రశ్న అడిగితే తల వంచుకొని బల్ల మీద గీతలు గీస్తారు.

ఆ తల వంచుకోవడం నాకు తెలుసు. 1995లో ఉర్దూ మీడియంలో పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసై ఇంటర్ ఇంగ్లీషు మీడియంలో చేరాను. లెక్కల్లో నాకు తొంభైకి పైగా మార్కులు. మొదటి రోజు లెక్చరర్ గారు బోర్డు మీద త్రిభుజం వేసి ‘హైపోటెన్యూస్’ అన్నారు. అది నాకు తెలిసిన ‘వతర్’ అని తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ‘పర్పెండిక్యులర్’ అంటే మన ‘అమూద్’ అని ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. వెనుక బెంచీలో కూర్చునేవాణ్ణి. ఆ ఏడు ఫిజిక్సు ఫెయిలయ్యాను. అబ్బా నన్ను ఏమీ అనలేదు. “కష్టమైతే బాయిల పేరు రాయిద్దాం తియ్” అన్నారు అంతే. ఆ రోజు ఏడ్చినంత నేను ఎప్పుడూ ఏడవలేదు. ఇక్కడ ముందు వరుసలో నాతోపాటు అదే బెంచీలో కూర్చున్నవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు చదువు ఆపేశారు. నాకంటే తెలివైనవాళ్లు.

అట్లాంటివాణ్ణి టాంగాలో నేను దేని కొరకు జీతం తీసుకుంటున్నాను? ఇంగ్లీషు మాట్లాడే హిందుస్తానీ పంతులును గనుక. గోడ మీద ‘ఇంగ్లీషే మాట్లాడవలెను’ అన్న బోర్డు. రెండేళ్లు ఆ బోర్డు ప్రకారమే చెప్పాను. సిగ్గుపడుతూ చెప్తున్నాను, రెండేళ్లు. తలలు వంచుకున్న పిల్లల్ని చూస్తూనే చెప్పాను. నాకు పర్మిట్టు కావాలి, చెల్లెలి పెండ్లి కావాలి.

2011లో ఒక రోజు ఫారం వన్‌లో క్షేత్రగణితం చెప్తున్నాను. ‘స్క్వేర్’ అన్నాను. బోర్డు మీద వేసి చూపించాను. దాని లక్షణాలు అడిగితే ఒక్కరూ నోరు తెరవరు. విసుగుతో నాలో నేను “అరే, మురబ్బా హై బాబా, మురబ్బా” అనుకున్నాను, గట్టిగానే. కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి తల ఎత్తి “మ్రబా?” అంది. స్వాహిలీలో చతురస్రం పేరు మ్రబా. మాకిద్దరికీ ఒకే మాట! నేను వృత్తం గీసి “దాయిరా” అన్నాను. క్లాసు మొత్తం “దువారా!” అని అరిచింది. చుక్క పెట్టి “నుక్తా” అన్నాను. “నుక్తా!” అని వాళ్లూ అన్నారు. కేంద్రం నుంచి అంచుకు గీత గీసి “నిస్ఫ్ ఖుత్ర్” అన్నాను. అక్కడ కొంచెం తడబడ్డారు. సగాన్ని వాళ్లు ‘నూసు’ అంటారు, మన నిస్ఫ్. సగం వ్యాసం అని పట్టుకున్నారు. గంట కొట్టేవరకు ఆ పిల్లలు కూర్చోలేదు. చతురస్రానికి నాలుగు భుజాలు సమానమని, నాలుగు కోణాలూ లంబకోణాలని వాళ్ల భాషలో వాళ్లే నాకు చెప్పారు. ఆ తర్వాత నేను పక్కన ఇంగ్లీషు మాట రాశాను. అదే వరుస. ముందు తెలిసిన మాట, తర్వాత దాని పక్కన కొత్త మాట.

ఆ రోజు నుంచి తలుపు దగ్గరికి వేసి చెప్పేవాణ్ణి. పిల్లల చేత ఒక చిన్న నోటుబుక్కు పెట్టించాను. ఎడమవైపు స్వాహిలీ, కుడివైపు ఇంగ్లీషు, మధ్యలో బొమ్మ. రోజుకు ఐదు మాటలు. మూడు నెలలు గడిచేసరికి ఎడమవైపు చూడటం వాళ్లే తగ్గించారు. హెడ్మాస్టరు గారికి తెలియకుండా పోలేదు. పిలిచి అడిగారు. నేను నోటుబుక్కు ముందు పెట్టాను. తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చారు. బోర్డు మాత్రం గోడ మీద అట్లాగే ఉంది.

2012లో ఆ దేశమంతా రాసిన ఫారం ఫోర్ పరీక్షల ఫలితాలు 2013 ఫిబ్రవరిలో వచ్చాయి. నూటికి అరవై మందికి సున్నా డివిజను. రేడియోల్లో, పత్రికల్లో ఒకటే గోల. చివరికి ప్రభుత్వం ఆ ఫలితాలు రద్దుచేసి, మార్కులు మళ్లీ సవరించి ప్రకటించింది. కారణాలు చాలా చెప్పారు. పంతుళ్లు లేరు, ప్రయోగశాలలు లేవు, పుస్తకాలు లేవు. అవన్నీ నిజమే. భాష కూడా ఒకటని అక్కడి పంతుళ్లు స్టాఫు రూములో అందరూ అనేవారు, మీటింగులో ఎవ్వరూ అనేవారు కాదు.

2014లో మన రాష్ట్రం వచ్చింది. ఆ సంబురం నేను ఫోనులో విన్నాను. ఆ ఏడే అబ్బా పోయారు. తెల్లవారుజామున తమ్ముడు ఫోను చేశాడు. నేను ఎంత తొందరపడ్డా ఖనికి చేరడానికి రెండు రోజులు. జొహర్ తర్వాత జనాజా అన్నాడు. నేను ఆగమని చెప్పలేదు. చెప్పకూడదు. గడియ లేని ఆ తలుపు దగ్గర కూర్చున్నాను. పొద్దెక్కే లోపల పక్కింటి ముసలాయన వచ్చి చాప పరిచాడు. తర్వాత ఇంకొకరు. “పోలే, మ్వాలిము, పోలే సానా” అంటూ. అయ్యో, చాలా బాధ అని ఆ మాటకు అర్థం. మూడు రోజులు ఆ వరండాలో ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. అన్నం వాళ్లే వండి తెచ్చారు. దాన్ని మతంగా అంటారు. ముఖ పరిచయం కూడా లేని వాళ్లు తలా కొంత డబ్బు ఇచ్చి ఒక నోటుబుక్కులో రాశారు. ఎవరు ఎంత ఇచ్చారో రాసిపెడతారు, రేపు వాళ్లింట్లో కష్టం వస్తే మనం ఇవ్వాలి గదా. అందులో మా బడి స్వీపరు రాసింది ఐదు వందల షిల్లింగులు. మన సొసైటీ మయ్యత్ ఫండు రిజిస్టరు రాసేటప్పుడు నాకు ఆ నోటుబుక్కు కండ్ల ముందు కనబడుతుంది.

ఇక ముగింపు సంగతి. 2015లో ఆ దేశం పరదేశీయుల ఉద్యోగాల మీద కొత్త చట్టం చేసింది. పర్మిట్టు రెండేళ్లకు. తర్వాత పొడిగింపు, మొత్తం కలిపి ఐదేళ్లు దాటకూడదన్నది అప్పటి నియమం. నాతో పనిచేసే హిందుస్తానీ పంతుళ్లు చాలా కోపగించుకున్నారు. నాకు కోపం రాలేదు. స్థానికులకే కొలువులివ్వాలని మనం ఇక్కడ సింగరేణిలో అడుగుతలేమా? వాళ్ల పిల్లలూ బి.ఎడ్.లు చేసి తిరుగుతున్నారు. అయినా 2020 దాకా ఉండవచ్చు. నన్ను ముందే లేపింది వేరే విషయం.

ఇంటికి నేను వాట్సాప్‌లో ఉర్దూ లిపిలో రాసేవాణ్ణి. నా భార్య చదివేది. 2019లో మా అమ్మాయి పుట్టినరోజుకు ఆమె పేరుతోనే ఒక పేజీ నిండా రాశాను. రాత్రి కూర్చొని, కొట్టివేసి, మళ్లీ రాసి పంపాను. పన్నెండేళ్లు నిండాయి గదా, పెద్ద మాటలు కొన్ని రాశాను. మర్నాడు జవాబు వచ్చింది. “అబ్బా, ఇది ఏం రాసినవో నాకు రాదు. ఇంగ్లీషు అక్షరాలతో పంపు.” అమ్మాయి తప్పు ఏమీ లేదు. ఆమెను ఇంగ్లీషు మీడియంలో వేయించింది నేనే. ఆ ఫీజు కట్టిన డబ్బు టాంగా డబ్బే. ఊరు కాని ఊళ్లో ఎవరి పిల్లలకో తలుపు మూసి నోటుబుక్కులు పెట్టిస్తున్నాను, ఇక్కడ నా బిడ్డకు నా అక్షరం రాదు. ఆ నెలలోనే నోటీసు ఇచ్చాను.

కొలువు ముగించడమంటే సామాను సర్దడం అనుకుంటాం. అప్పులు సర్దడం ఎక్కువ. ఫ్రిజ్జు కొత్తగా వచ్చిన కెన్యా మాస్టారు కొన్నాడు. సైకిలు బడి వాచ్‌మన్‌కు ఇచ్చాను. మంచం, పరుపు ఇంటివాళ్లవే. మతంగా నోటుబుక్కు తీసి ఒక్కొక్క పేరు చూసి, ఆ ఐదేళ్లలో ఎవరింట్లో కష్టం వచ్చింది, నేను ఇచ్చానా లేదా అని సరిచూశాను. నలుగురికి బాకీ తేలింది. వాళ్ల ఇండ్లకు పోయి ఇచ్చాను. స్వీపరు ఇంటికి పోతే ఆయన అప్పటికే లేడు. కొడుకు తీసుకున్నాడు. సంస్థ నుంచి రావలసిన గ్రాట్యుటీ సగమే వచ్చింది. మిగతాది వస్తుందన్నారు. రాలేదు. దాని గురించి ఇంకేం చెప్పను.

విమానంలో అనుమతి ఉన్న బరువు రెండు పెట్టెలు. ఇంటివాళ్లకు కాంగా చీరలు, అంటే అక్కడి ఆడవాళ్లు చుట్టుకునే అంచు బట్టలు. అవి ఆరు. జాంజిబారు లవంగాలు రెండు కిలోలు. మిగిలినదంతా కాగితాలు. పిల్లలు ఇచ్చిన నోటుబుక్కులు, ఎడమవైపు స్వాహిలీ, కుడివైపు ఇంగ్లీషు. ఆఖరి రోజు మ్రబా అన్న అమ్మాయి కూడా వచ్చింది. బడి వదిలి నాలుగేళ్లు. టీచరు ట్రైనింగు అయిపోయి ఏదో ప్రైమరీ బడిలో చేరిందట. షికమో అంది. మరహబా అన్నాను. తన నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు. “ఇది నాకు కావాలి మ్వాలిము, క్లాసులో వాడుతున్నాను” అంది.

2019 డిసెంబరులో ఖనికి వచ్చాను. పోయేటప్పుడు మా చిరునామా కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. వచ్చేసరికి పెద్దపల్లి జిల్లా, తెలంగాణ. అబ్బా దిగిన బాయి మూతపడింది. ఓపెన్ కాస్టు బ్లాస్టింగుకు మధ్యాహ్నం కిటికీ అద్దాలు కొట్టుకుంటున్నాయి. మూడు నెలలకే కరోనా. ఇంట్లో కూర్చొని అమ్మాయికి, అబ్బాయికి అలిఫ్, బే దిద్దించాను. అబ్బాయి తొందరగా పట్టుకున్నాడు. అమ్మాయికి కోపం, పన్నెండేళ్లకు ఒకటో తరగతి పుస్తకమా అని. ఆమెకు పాత ఉపాయమే వాడాను. స్క్వేర్ రాసి పక్కన మురబ్బా రాయించాను. ఈసారి తెలిసిన మాట కుడివైపు, కొత్త మాట ఎడమవైపు.

నేను మళ్లీ ఉర్దూ మీడియం బడిలోనే చేరాను. అక్కడ చూస్తున్నది మీ ముందు పెడతాను. 2016 నుంచి ప్రభుత్వం మైనారిటీ గురుకులాలు పెట్టింది. అవి ఇంగ్లీషు మీడియం. మన పిల్లలు అందులో బాగా చదువుతున్నారు, నేను సంతోషిస్తాను. 2022 నుంచి సర్కారు బడులన్నిటిలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఉర్దూ బడుల్లో మిగిలినవాళ్లు ఎక్కువగా చిన్న కూలీల, తోపుడు బండ్ల వాళ్ల, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు. ఈసారి సభలో మన సొసైటీ ఉర్దూ ట్యూషన్ సెక్షను ఉంచాలా, మూసివేసి ఇంగ్లీషు స్పీకింగు పెట్టాలా అన్న తీర్మానం వస్తుందని విన్నాను. ఒకప్పుడు మన హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలై డాక్టరీ, ఇంజనీరింగు కూడా ఉర్దూలో చెప్పే స్థాయికి ఎదిగిందని పెద్దలు గుర్తుచేస్తారు. నేను కూడా గర్వపడతాను. కాని ఇప్పటి పిల్లవాడు పదో తరగతి పాసై పోయేది ఆ ఉస్మానియాకు కాదు. వాడు పోయేది ఇంగ్లీషు ఇంటర్‌కు, నేను కూర్చున్న ఆ వెనుక బెంచీకి.

నా బిడ్డను ఇంగ్లీషులో చదివించి, మీ బిడ్డలను ఉర్దూలోనే ఉంచండని ఈ మైకు ముందు చెప్పే మొహం నాకు లేదు. ఇంగ్లీషు వద్దనడం లేదు. సెక్షను మూసినా, ఉంచినా, ఒక్క రాత్రిలో భాష మార్చి పిల్లవాణ్ణి బెంచీ మీద ఒంటరిగా వదలవద్దని మాత్రమే అడుగుతున్నాను. పదో తరగతి పరీక్షలు అయినప్పటి నుంచి ఇంటర్ క్లాసులు మొదలయ్యేదాకా మధ్యలో ఎండాకాలం ఉంది. ఆ రోజుల్లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ మాటలు రోజుకు ఐదు. ఎడమవైపు ఉర్దూ, కుడివైపు ఇంగ్లీషు, మధ్యలో బొమ్మ. పోయిన ఎండాకాలం మా ఇంటి వసారాలో పదకొండు మంది వచ్చారు. ఏడుగురు మగపిల్లలు, నలుగురు ఆడపిల్లలు. అందులో ఒకడు జూన్‌లో కాలేజీలో చేరి, సెప్టెంబరులో మానేశాడు. డబ్బు లేక, భాష రాక కాదు. మిగతా పది మంది చదువుతున్నారు.

వసారా చాలదు. అందుకని సొసైటీ హాలును అస్ర్ నుంచి మగ్రిబ్ వరకు ఇవ్వమని కార్యవర్గానికి అర్జీ పెట్టాను. దాని ప్రతి ఈ సావనీరు కాగితాలతోనే కార్యదర్శి గారి దగ్గర ఉంది. ఫీజు లేదు. సుద్దముక్కలు నావి. ఫిజిక్సు చెప్పడానికి ఎన్.టి.పి.సి.లో పనిచేసే ఒక తమ్ముడు ఒప్పుకున్నాడు, తెలుగు సోదరుడే, ఉర్దూ మాటలు మాతోపాటు తనూ నేర్చుకుంటానన్నాడు. ఈ ప్రసంగంలోని తెలుగు తప్పులు దిద్దిన మా అమ్మాయి రిజిస్టరు రాస్తుంది, పేర్లు రెండు లిపుల్లోనూ. హాలులో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటి తిరగడం లేదు. ఏప్రిల్ లోపల దాన్ని ఎవరైనా బాగు చేయిస్తే చాలు.